హేరోదు బాప్తిస్మమిచ్చు యోహానుకు భయపడ్డాడు, గౌరవించాడు. మరి ఎందుకు చంపించాడు?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న రెండు సార్లు చదివాను. యూత్ కూడికలో మార్కు సువార్త 6వ అధ్యాయం చెబుతుంటే ఒక కుర్రాడు లేచి, "హేరోదు మంచోడేనండీ, యోహాను మాటలు ఇష్టంగా విన్నాడు, కాపాడాడు కూడా, పెళ్లాం వల్లే చెడిపోయాడు" అన్నాడని, మీకు అప్పటికప్పుడు జవాబు తట్టలేదని రాశారు. మత్తయిలో హేరోదే చంపాలనుకున్నాడని, మార్కులో కాపాడుతూ వచ్చాడని ఉంది కదా, ఏది నిజం అని కూడా అడిగారు. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న పెట్టారు: ఒక మనిషి వాక్యాన్ని సంతోషంగా వింటున్నాడంటే లోపల మార్పు మొదలైనట్టే కదా అని. నాకు ఆ చివరి ప్రశ్నే పెద్దదిగా కనబడింది. అక్కడికి వస్తాను.

ముప్పై ఏళ్లకు పైగా పరిచర్యలో ఉన్నాను. ఈ భాగం మీద ఎన్ని ప్రసంగాలు చెప్పానో లెక్క లేదు. మొదటి పదేళ్లు నేనూ మీ కుర్రాడిలాగే చెప్పాను. హేరోదు భార్య హేరోదియను రెండో యెజెబెలు రాణిగా నిలబెట్టి, విందులో నాట్యం చేసి యోహాను తల అడిగిన ఆమె కూతుర్ని తిట్టి, హేరోదును పాపం మెతకమనిషి అని వదిలేసేవాణ్ణి. విన్నవాళ్లకూ అది బాగుండేది. ఒక రోజు 14వ వచనం నుంచి నెమ్మదిగా చదువుతుంటే 16వ వచనం దగ్గర ఆగిపోయాను. యేసు పేరు దేశమంతా వినబడుతోంది. కొందరు ఏలీయా అంటున్నారు, కొందరు ప్రవక్త అంటున్నారు. హేరోదు మాత్రం "నేను తల గొట్టించిన యోహానే" అంటాడు. గ్రీకు మూలంలో ఆ "నేను" అన్న మాటను విడిగా, ఒత్తి పెట్టారు. క్రియలోనే కర్త తెలిసిపోయే భాష అది, ఆ మాట లేకపోయినా వాక్యానికి లోటేమీ లేదు. అయినా ఉంది. నా భార్య చంపించిన యోహాను అని గానీ, మా బంట్రౌతు నరికిన యోహాను అని గానీ ఆయన అనలేదు. లూకా 9వ అధ్యాయంలోనూ అదే మాట, తల గొట్టించింది నేనే కదా అని. మనం ఆయన్ని వదిలేస్తున్నాం గానీ ఆయన మనసు ఆయన్ని వదల్లేదు. విందు కథంతా ఆ మాట తర్వాతే, వెనక్కి వెళ్లి చెప్పిన జ్ఞాపకంలా వస్తుంది. మీ కుర్రాడికి ముందు ఈ వచనం చూపించండి.

ఇప్పుడు ఆ మనిషి ఎవరో కొంచెం తెలియాలి. ఈయన బేత్లెహేము పసిపిల్లల్ని చంపించిన హేరోదు కాదు, ఆయన కొడుకు హేరోదు అంతిప. తండ్రి చనిపోయాక, క్రీ.పూ. 4 నుంచి క్రీ.శ. 39 దాకా గలిలయను, యొర్దాను అవతల ఉన్న పెరయను ఏలాడు. రాజు అనే బిరుదు రోమా ప్రభుత్వం ఆయనకు ఇవ్వలేదు. చతుర్థాధిపతి, అంటే దేశంలో ఒక భాగానికి పాలకుడు, అంతే. మత్తయి, లూకా ఆ మాట సరిగ్గా వాడారు. మార్కు జనం పిలిచినట్టు రాజు అన్నాడు.

ఈయన బతుకంతా రెండు పడవల మీద కాళ్లు. యూదుల మనసు నొచ్చుకోకూడదని తన నాణేల మీద మనిషి బొమ్మ వేయించలేదు. చెట్టు, మొక్క బొమ్మలతో సరిపెట్టాడు. క్రీ.శ. 20 ప్రాంతంలో గలిలయ సముద్రం ఒడ్డున చక్రవర్తి పేరు మీద తిబెరియ పట్టణం కట్టించినప్పుడు మాత్రం ఆ స్థలంలో సమాధులున్నా ఆగలేదు. మైలపడతామని యూదులు అక్కడ కాపురానికి రాకపోతే, ఇళ్లూ భూములూ ఇచ్చి మరీ జనాన్ని తెచ్చిపెట్టాడు. అక్కడి తన మేడలో జంతువుల బొమ్మలు చెక్కించుకున్నాడు. బయట నాణెం మీద ధర్మశాస్త్రం, లోపల గోడల మీద తన ఇష్టం. యోహాను విషయంలో కూడా ఆయన చేసింది ఇదే. ఇంకో సంగతి. తిబెరియ కట్టిన కాలపు నాణేల మీద ఉన్న బొమ్మ రెల్లు అని కొందరు పండితులు అంటారు. "గాలికి కదలుచున్న రెల్లునా, సన్నపు బట్టలు ధరించుకొనిన వానినా చూడ వెళ్లితిరి" అని యేసు యోహాను గురించి జనాన్ని అడిగిన మాట ఆ నాణెం చేతిలో పట్టుకుని చదివితే ఎవరి మీదకు వెళ్తుందో ఆలోచించండి. నాకు ఆ వాదన నచ్చుతుంది.

పెళ్లి గొడవ మీకు తెలిసిందే, అయినా పిల్లలకు చెప్పేటప్పుడు ఉపయోగపడే వివరాలు కొన్ని ఉన్నాయి. అంతిపకు అప్పటికే భార్య ఉంది. పక్క దేశం నబతీయుల రాజు అరెత కూతురు. దమస్కులో పౌలును పట్టుకోవాలని చూసిన అధిపతి ఈ అరెత కిందివాడే, 2 కొరింథీయులు 11వ అధ్యాయంలో ఆ పేరు కనబడుతుంది. అంతిప రోముకు వెళ్తూ దారిలో అన్న ఇంట్లో దిగి, అన్న భార్య హేరోదియ మీద మనసుపడ్డాడు. ఆమె పరాయిదేమీ కాదు, మరో అన్న కూతురు. ఈ సంగతి అరెత కూతురికి ముందే తెలిసిపోయింది. ఏమీ ఎరగనట్టు, తనను మకేరుసు కోటకు పంపమని భర్తను అడిగింది. అది సరిహద్దు కోట. అక్కడి నుంచి పుట్టింటికి వెళ్లిపోయింది. తర్వాత యోహానును బంధించింది కూడా ఆ కోటలోనే అని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. మృత సముద్రానికి తూర్పున, నేటి జోర్దాను దేశంలో, చుట్టూ లోయలున్న ఒంటరి కొండ. ఇప్పుడు దాన్ని ముకావిర్ అంటారు. శిథిలాల్లో నిలబడితే కింద మృత సముద్రం కనబడుతుంది.

అందుకే "నీ సహోదరుని భార్యను చేర్చుకొనుట నీకు న్యాయము కాదు" అన్న మాట ఒక ఇంటి గొడవలో తలదూర్చడం అనుకోకూడదు. లేవీయకాండం 18, 20 అధ్యాయాల్లో ఉన్న ఆజ్ఞ అది. అన్న బతికుండగా అతని భార్యను తెచ్చుకోవడం ఏ మినహాయింపులోకీ రాదు. పైగా ఆ పెళ్లి వల్ల అవమానపడ్డ మామగారు సరిహద్దు అవతల సైన్యంతో ఉన్నాడు. యోహాను బాప్తిస్మాలిచ్చింది కూడా ఆ యొర్దాను ప్రాంతంలోనే, జనం గుంపులు గుంపులుగా వస్తుంటే. అందులో ఒక్కడు లేచి పాలకుడి పెళ్లి చెల్లదని అంటే పాలకుడికి టెన్షన్ రాకుండా ఉంటుందా? యోహాను చనిపోయిన సుమారు 60 ఏళ్లకు జోసీఫస్ రాసిన యూదుల చరిత్రలో ఈ కోణమే ఉంది. యోహాను మంచివాడు, నీతిగా బతకమని జనానికి చెప్పేవాడు, ఆయన మాటకు జనం ఊగిపోతున్నారు, అది తిరుగుబాటుకు దారి తీస్తుందేమో అని హేరోదు ముందుగానే ఆయన్ని తీసేశాడు అని. క్రైస్తవుడు కాని చరిత్రకారుడు కూడా యోహానును మంచివాడనే రాశాడు. నాకు అది చిన్న విషయంగా అనిపించదు.

ఇక మార్కు 6:20. ఆదివారం ఈ ఒక్క వచనం దగ్గర పదిహేను నిమిషాలు ఆగండి. హేరోదు "ఎరిగి", "భయపడి", "కాపాడుచు వచ్చెను", "సంతోషముతో వినుచుండెను." యోహాను నీతిమంతుడు, పరిశుద్ధుడు అని హేరోదుకు తెలుసు. ఎవరో చెప్పగా తెలిసింది కాదు, తనే విని, చూసి తెలుసుకున్నాడు. ఈ గౌరవం నటన అని కొందరు ప్రసంగీకులు అంటారు, నేను ఒప్పుకోను. నటించాల్సిన అవసరం ఏముంది? గొలుసుల్లో ఉన్నవాడి ముందు ఏ పాలకుడూ నటించడు. ఒంటెరోమాల బట్ట కట్టుకుని, మిడతలు తిని బతికే మనిషి దగ్గర తనకు లేనిదేదో ఉందని ఆయనకు కనబడింది. తన కొలువులో ఉన్నవాళ్లంతా తన మొహం చూసి మాట్లాడేవాళ్లే. మొహం చూడకుండా మాట్లాడినవాడు ఈయన ఒక్కడే. యోహాను ఆ మాట ఒక్కసారి అని ఊరుకోలేదు కూడా. మూలంలో అక్కడి క్రియ మళ్లీ మళ్లీ చెబుతూ వచ్చాడనే అర్థం ఇస్తుంది. జైల్లో ఉన్నా మాట మారలేదు.

కానీ "కాపాడుచు వచ్చెను" అన్న దగ్గర ఆగి అడగండి, ఎవరి నుంచి కాపాడాడు? హేరోదియ నుంచి. ఎక్కడ కాపాడాడు? తన జైల్లో. తాళం ఎవరి చేతిలో ఉంది? తన చేతిలో. యోహానును కాపాడాలంటే ఆయన చేయాల్సింది తలుపు తీయడం ఒక్కటే. తీస్తే ఇంట్లో భార్యతో గొడవ, బయట జనం ముందు తప్పు ఒప్పుకున్నట్టు. చంపిస్తే మనసు ఊరుకోదు. కాబట్టి చంపడు, వదలడు. మధ్యలో పెట్టుకుని వింటాడు. ఇంట్లో అందరికీ సర్దిచెప్పే ఇంటిపెద్దలాగా, నీ మాటా కాదనను, ఆయన మాటా కాదనను అని రోజులు గడిపాడు. హేరోదియకు ఇంత తికమక లేదు. "ఆమెచేత గాకపోయెను" అని ఉంది చూడండి, ఆమెకు కావలసింది ఒక రోజు మాత్రమే. ఆ రోజు వచ్చేదాకా యోహానును అక్కడ అందుబాటులో ఉంచిన మనిషి ఆయన్ని కాపాడుతున్నాననుకున్న హేరోదే.

తర్వాత "ఏమి చేయను తోచకపోయినను" అన్న మాట. ఈ మాటకు మూలంలో దారి దొరక్క కొట్టుమిట్టాడడం అనే అర్థం ఉంది. కొన్ని పాత రాతప్రతుల్లో ఈ చోట, ఆయన మాటలు విని హేరోదు చాలా పనులు చేశాడు అని మరో పాఠం ఉంది. ఒకటి రెండు అక్షరాల తేడా. ఇంగ్లిషు పాత అనువాదం ఆ పాఠాన్ని తీసుకుంది, మన తెలుగు బైబిలు దారి తోచలేదన్న పాఠాన్ని తీసుకుంది. నాకు మన అనువాదమే సరైనదనిపిస్తుంది, కథ మొత్తం దానికే సరిపోతుంది. అయితే ఒకటి గమనించారా? ఏం చేయాలో యోహాను స్పష్టంగా చెప్పాడు. ఒక్క వాక్యంలో చెప్పాడు. మన ఇళ్లలో కూడా చూడండి, "ఏం చేయాలో తోచట్లేదండీ" అని వచ్చి కూర్చునేవాళ్లలో చాలామందికి చేయాల్సింది తెలుసు. చేయడం ఇష్టం లేదు, చేయకుండా ఉండటానికి ధైర్యం లేదు. ఆ రెండింటి మధ్య నలిగేదాన్ని తోచకపోవడం అంటారు. హేరోదు అక్కడే ఉన్నాడు.

మత్తయి సంగతి తొందరగా చెబుతాను, అది కనిపించినంత చిక్కు కాదు. మత్తయి 14:5లో హేరోదు చంపాలనుకుని జనానికి భయపడ్డాడని ఉంది. నాలుగు వచనాల తర్వాత, 14:9లో తల అడిగితే దుఃఖపడ్డాడని అదే మత్తయి రాశాడు. అంటే చంపాలనే కోరిక, చంపడానికి బాధ, రెండూ ఒకే మనిషిలో ఉన్నాయని మత్తయికీ తెలుసు. మార్కు రెండో దాన్ని దగ్గర నుంచి చూపించాడు, అంతే. గద్దింపు విన్న రోజు కోపంతో వీణ్ణి లేకుండా చేస్తే బాగుండు అనుకోవడం, తెల్లారాక మళ్లీ పిలిపించి వినాలనిపించడం, ఇది మనుషుల్లో మీరు చూడనిదేమీ కాదు.

ఇలాంటి పాలకుణ్ణి బైబిల్లో అంతకు ముందు కూడా చూశాం. అహాబు రాజు, ఏలీయా ప్రవక్త అని అందరూ చెబుతారు. నన్నడిగితే హేరోదుకు అసలైన అన్నయ్య సిద్కియా, యెరూషలేము కూలిపోకముందు చివరి రాజు. యిర్మీయా 37, 38 అధ్యాయాలు ఈ వారం చదవండి. యిర్మీయాను జైల్లో పెట్టించింది ఆయన అధిపతులే. వాళ్లను అడ్డుకోడు. కానీ రహస్యంగా ఇంటికి పిలిపించి, యెహోవా దగ్గర నుంచి ఏ మాటైనా వచ్చిందా అని అడుగుతాడు. వచ్చింది, నువ్వు బబులోను రాజు చేతికి చిక్కుతావు అని యిర్మీయా చెబుతాడు. అయినా కోపగించుకోడు. పట్టణంలో రొట్టెలు ఉన్నంతకాలం రొట్టెలు కాల్చేవాళ్ల వీధి నుంచి రోజుకో రొట్టె ఆయనకు ఇప్పించమంటాడు. ఎంత మంచి రాజు అనిపిస్తుంది కదా. తర్వాతి అధ్యాయంలో అధిపతులు యిర్మీయాను చంపాలని అడిగితే, అతను మీ చేతిలో ఉన్నాడు, రాజు మీకు అడ్డం రాలేడు అంటాడు. వాళ్లు బురద గోతిలో దింపుతారు. ఎబెద్మెలెకు అనే కూషీయుడు వచ్చి చెబితే, ముప్పై మందిని తీసుకెళ్లి పైకి లాగమంటాడు. ఆ కూషీయుడు చిరిగిపోయిన పాత బట్టలు ఏరి తెచ్చి, తాళ్లు ఒరుసుకోకుండా చంకల కింద పెట్టుకోమని యిర్మీయాకు చెబుతాడు. రాజు గౌరవించాడు, సరే. కూషీయుడి గౌరవం ఆ పాత గుడ్డల్లో ఉంది. చివరికి సిద్కియా నోటి నుంచే అసలు మాట వస్తుంది: కల్దీయుల వైపు, అంటే బబులోనువాళ్ల వైపు వెళ్లిపోయిన యూదులకు భయపడుతున్నాను, వాళ్లు నన్ను అపహసిస్తారేమో అని. దేవుని మాట నిజమని తెలుసు. నలుగురూ నవ్వుతారేమో అన్న భయం దానికన్నా పెద్దదైంది. రిబ్లాలో ఆయన కళ్లు ఊడదీశారు.

పౌలు మాటలకు భయపడి, ఇప్పటికి వెళ్లు, వీలైనప్పుడు పిలుస్తాను అన్న రోమా అధిపతి ఫేలిక్సు కూడా ఈ వరసలోవాడే. డబ్బు దొరుకుతుందేమోనని మాటిమాటికీ పిలిపించి మాట్లాడాడు గానీ, రెండేళ్లయినా పౌలును విడిచిపెట్టలేదు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. పరిచర్య మొదలుపెట్టిన కొత్తలో కృష్ణా డెల్టాలో ఒక ఊళ్లో ఉండేవాణ్ణి. ఆ ఊరి మోతుబరి ఒకాయన మన సంఘం మనిషి కాదు గానీ నేనంటే చాలా గౌరవం. వీధిలో కనబడితే బండి ఆపి దిగేవారు. ఇంటికి వెళ్తే వసారాలో తన పడక కుర్చీ నాకిచ్చి తను గట్టు మీద కూర్చునేవారు. స్టీలు గ్లాసులో మజ్జిగ తెప్పించి, ఏదైనా ఒక కీర్తన చదవండి పాస్టర్ గారూ అనేవారు. కళ్లు మూసుకుని వినేవారు. ఆ ఏడు నాట్లకు వెళ్లిన ఆడకూలీల డబ్బులు ఆయన రెండు నెలలు ఆపేశారు. వాళ్లలో సగం మంది మన సంఘంవాళ్లే. ఒక సాయంత్రం వెళ్లి, వాళ్ల కూలి ఆపడం న్యాయం కాదండీ అని చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. తల దించుకుని, "మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం" అన్నారు. గొంతు కూడా వణికింది. నేను బయలుదేరుతుంటే ఒక బియ్యం బస్తా బండిలో వేయించారు, సంఘానికి అని. కూలి డబ్బులు మాత్రం ఇవ్వలేదు. ఆ బస్తా నేను తీసుకున్నాను. తర్వాత మళ్లీ అడగడానికి ఆయన ఇంటికి వెళ్లిన ప్రతిసారీ నా నోరు పెగల్లేదు. ఆ ఆడవాళ్లలో ఒకామె ప్రార్థన కూడికలో ఏమీ అనకుండా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పటి నుంచి యోహాను మిడతలు, అడవి తేనె నాకు వేరుగా కనబడుతున్నాయి. హేరోదు పళ్లెంలోంచి ఒక్క మెతుకు కూడా ఆయన తినలేదు. అందుకే జైల్లో కూడా నోరు పెగిలింది. గౌరవించే పెద్దమనిషి ఇచ్చే కుర్చీ చాలా మెత్తగా ఉంటుంది బ్రదర్, మీరు పరిచర్యలో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

ఇక విందు. "తగిన దినమొకటి వచ్చెను" అంటాడు మార్కు. ఎవరికి తగిన దినం? హేరోదుకు పుట్టినరోజు, హేరోదియకు అవకాశం. వచ్చినవాళ్లు మూడు రకాలు: కొలువులోని ప్రధానులు, సైన్యంలోని సహస్రాధిపతులు, గలిలయ ప్రముఖులు. అంటే ఆయన పాలన ఎవరి మీద నిలబడి ఉందో వాళ్లంతా ఒకే గదిలో ఉన్నారు. అమ్మాయి నాట్యం చేసింది. ఆమె పేరు సువార్తల్లో లేదు, సలోమే అన్న పేరు జోసీఫస్ ద్వారా వచ్చింది. మార్కు ఆమెకు వాడిన మాట, అంతకు ముందు అధ్యాయంలో యేసు బతికించిన యాయీరు కూతురికి వాడిందే. ఆ పిల్లకు పన్నెండేళ్లు. కాబట్టి ఈమెను సినిమాల్లో చూపించినట్టు ఊహించుకోవద్దని మీ యూత్‌కు చెప్పండి. "నా రాజ్యములో సగము మట్టుకు" ఇస్తానని ఒట్టు వేశాడు. ఎస్తేరు గ్రంథంలో పారసీక చక్రవర్తి అన్న మాట అది. ఈయనకు ఇవ్వడానికి రాజ్యమే లేదు, రోము అనుమతి లేకుండా ఒక పల్లె కూడా ఇవ్వలేడు. ముందు కూర్చున్నవాళ్ల కోసం చెప్పిన గొప్ప మాట.

అమ్మాయి బయటికి వెళ్లి తల్లిని అడిగింది. తల్లి అడిగింది యోహాను తల. అమ్మాయి లోపలికి పరుగున వచ్చి రెండు మాటలు తనే కలిపింది: "ఇప్పుడే", "పళ్లెములో." వడ్డించే పళ్లెం అది. చుట్టూ అందరూ భోజనానికి కూర్చుని ఉన్నారు. ఆలోచించుకోవడానికి హేరోదుకు ఒక్క రాత్రి దొరికి ఉంటే ఎప్పటిలాగే వాయిదా వేసేవాడు. ఇన్నాళ్లూ ఆయన్ని కాపాడింది వాయిదా ఒక్కటే. ఆ పిల్ల "ఇప్పుడే" అనడంతో అది పోయింది.

"రాజు బహుగా దుఃఖపడెను" అన్న చోట మార్కు వాడిన గ్రీకు మాట చాలా బరువైనది. గెత్సేమనేలో యేసు, నా ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నది అన్నప్పుడు వాడింది కూడా అదే మాట. అందుకే హేరోదు దుఃఖం దొంగ దుఃఖం అనకండి. నిజంగా కుమిలిపోయాడు. అయినా ఒట్టుల నిమిత్తం, తనతో కూర్చున్నవారి నిమిత్తం కాదనలేకపోయాడు. ఒట్టు అడ్డమా? తొందరపడి వేసిన ఒట్టుకు ఏం చేయాలో లేవీయకాండం 5వ అధ్యాయంలో ఉంది, తప్పు ఒప్పుకుని బలి అర్పించాలి. దారి ఉంది. ఆ దారిలో వెళ్లాలంటే అంతమంది ముందు, నేను తొందరపడి అన్నాను అని నోరు తెరవాలి. ఆయన యోహానుకు భయపడ్డాడు, జనానికి భయపడ్డాడు, తిరుగుబాటుకు భయపడ్డాడు, ఆ రాత్రి అతిథులకు భయపడ్డాడు. యోహాను మీద ఉన్న భయం నిజమైనదే, కానీ యోహాను కింద జైలు చీకట్లో ఉన్నాడు. అతిథులు కళ్లెదుట, చేయి చాపితే తగిలేంత దగ్గర ఉన్నారు. సహస్రాధిపతులున్నారు, ప్రముఖులున్నారు. వద్దు రాజా అని ఒక్కరూ అనలేదు. ఒక ఎబెద్మెలెకు లేడు ఆ గదిలో.

తర్వాతి సంగతులు క్లుప్తంగా. అరెత కూతురి అవమానం ఊరికే పోలేదు. కొన్నేళ్లకు, క్రీ.శ. 36 ప్రాంతంలో, అరెత సైన్యం అంతిప సైన్యాన్ని చిత్తు చేసింది. అది యోహానును చంపినందుకు దేవుడిచ్చిన శిక్ష అని యూదుల్లో కొందరు అనుకున్నారని జోసీఫస్ రాశాడు. జనం మర్చిపోలేదన్నమాట. క్రీ.శ. 39లో హేరోదియ పోరుతో, రాజు అనే బిరుదు అడగడానికి రోముకు వెళ్లాడు. ఆమె సొంత సోదరుడు అగ్రిప్ప, ఈయన 70,000 మందికి సరిపడా ఆయుధాలు దాచాడని చక్రవర్తికి ఫిర్యాదు పంపాడు. ఉన్నది కూడా పోయి, దూరదేశానికి వెళ్లగొట్టారు. నీ ఆస్తి నువ్వు ఉంచుకోవచ్చని చక్రవర్తి హేరోదియకు చెబితే, భర్త సుఖంలో ఉన్నాను కాబట్టి కష్టంలో వదలను అని ఆమె వెంట వెళ్లింది. ఆమెను ఉత్త రాక్షసిగా చెప్పేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి. ఆమె పగ భయంకరమైనది, కానీ తన మనసులో ఉన్నది ఏమిటో ఆమెకు తెలుసు.

మీ మూడో ప్రశ్నకు వస్తాను. సంతోషంగా వినడం మార్పుకు మొదలా? లూకా 23 చూడండి. యేసును బంధించి హేరోదు దగ్గరికి తెచ్చారు. హేరోదు ఆయన్ని చూసి "మిక్కిలి సంతోషించెను." మళ్లీ సంతోషమే! ఎంతో కాలంగా చూడాలనుకుంటున్నాడు, ఏదైనా సూచక క్రియ చేస్తే చూద్దామని. చాలా ప్రశ్నలు వేశాడు. యేసు ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు. పిలాతుతో మాట్లాడిన ప్రభువు, ప్రధాన యాజకుడితో మాట్లాడిన ప్రభువు, సిలువ మీద దొంగతో మాట్లాడిన ప్రభువు హేరోదుతో ఒక్క మాట మాట్లాడలేదు. ఈ వచనం చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. దేవుడు ఆయనతో మాట్లాడాల్సిన మాట అప్పటికే యోహాను నోట చాలాసార్లు మాట్లాడాడు. కాసేపటికి ఆ సంతోషం ఎగతాళిగా మారింది, ప్రశస్తమైన వస్త్రం తొడిగి పంపించేశాడు. యోహాను మాట వింటే భయపడినవాడు యేసు ముందు నవ్వగలిగాడు. ఈ రెంటి మధ్య ఉన్నది ఆ పళ్లెం.

కాబట్టి సంతోషంగా వినడాన్ని బట్టి మాత్రమే మార్పు మొదలైందని నేను చెప్పను. ఎవరైనా "ఈ రోజు వాక్యం చాలా బాగుంది పాస్టర్ గారూ" అంటే సంతోషమే, కానీ ఏం చేయబోతున్నారో నెమ్మదిగా అడుగుతాను. అలాగని వినేవాళ్లను తోసిపుచ్చకండి. తోచకపోవడం దాకా వచ్చినవాడు గుమ్మం దాకా వచ్చినట్టే. ఆ రోజుల్లో తొందరగా, చిన్నదైనా సరే, ఒక్క పని చేయించండి. ఆపిన కూలి ఇప్పించండి, విడిపోయిన అన్నదమ్ముడికి ఫోన్ చేయించండి.

ఇంకొక్కటి, యూత్‌కు తప్పకుండా చెప్పండి. ఆ కొలువు గోడల మధ్య ఉన్నవాళ్లంతా హేరోదులా అయిపోలేదు. హేరోదు గృహనిర్వాహకుడు కూజా భార్య యోహన్న, తన ఆస్తితో యేసుకు ఉపచారం చేసిన స్త్రీలలో ఒకతె. పునరుత్థానం ఉదయం సమాధి దగ్గరికి వెళ్లినవాళ్లలో ఆమె పేరు ఉంది. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం మొదట్లో అంతియొకయ సంఘంలోని ప్రవక్తలు, బోధకుల పేర్లున్నాయి. అందులో ఒకరు మనయేను, "చతుర్థాధిపతియైన హేరోదుతోకూడ పెంచబడిన" మనయేను. ఒకే ఇంట్లో, ఒకే అన్నం తిని పెరిగారు. మీ కుర్రాడు మళ్లీ లేచి, పరిస్థితులు అలా వచ్చాయి, ఆయనేం చేస్తాడు పాపం అంటే, బైబిలు అతని చేతికిచ్చి ఆ వచనం గట్టిగా చదవమనండి.